ఫ్యూజు జేబులో వేసుకుని తిరిగిన మనిషి

ఆయన పోయి నెల దాటింది. ఈ నెల రోజుల్లో నరసరావుపేటలో ఆయన గురించి మాట్లాడని మనిషి లేడు. కరెంటు సామాన్ల కొట్టు ముందు బల్లలు వేసి సంతాపసభ కూడా పెట్టారు. నలుగురు వక్తలు. ఒకాయన బట్టల కొట్టు యజమాని, ఒకాయన హైస్కూలు మాస్టారు, ఒకాయన చర్చి పెద్ద, నాలుగో ఆయన ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. పదిహేనేళ్ళు అదే ఊళ్ళో, అదే వీధుల్లో, అదే కరెంటు పని చేసిన నన్ను మాట్లాడమని ఒక్కరూ అడగలేదు. మూడో వరసలో కూర్చుని చెయ్యి ఎత్తాను. అధ్యక్షుడు నా చెయ్యి చూశాడు, తన గడియారం చూసుకున్నాడు, ఇక వందన సమర్పణ అన్నాడు.

అందుకే ఈ పత్రికకు రాస్తున్నాను. ఆ సభలో చెప్పినవి చాలావరకు తప్పులు. ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడన్నారు. ఆయన నవ్వగా నేను చూసింది మూడుసార్లు. మృదుభాషి అన్నారు. పని మధ్యలో ఎవరైనా కబుర్లు మొదలుపెడితే, చేతిలో ఉన్న స్క్రూడ్రైవరుతో గుమ్మం వైపు చూపించేవాడు. అదీ ఆయన మృదుభాషణ. పేరుకు ఆశపడని మనిషి అన్నారు. పేరుకు ఆశపడాల్సిన అవసరం ఆయనకు ఏముంది? ఊరంతా దాన్ని తెచ్చి ఆయన గుమ్మంలో పోసింది.

నాకు ఆయనంటే అసూయ. ఈ మాట ముందే రాసేస్తే, తరవాత ఎవరూ కనిపెట్టామని సంబరపడరు.

ఊరికి కరెంటు వచ్చిన కొత్తలో మేమిద్దరం ఒకే కాంట్రాక్టరు కింద చేరాం. ఆయన నాకంటే ఆరునెలలు ముందు చేరాడు. ఆ ఆరునెలల దూరం పదిహేనేళ్ళలో ఒక్క రోజు కూడా తగ్గలేదు. ఊళ్ళో కరెంటు మేస్త్రీ అంటే ఆయన. నన్ను ఇంకో మేస్త్రీ అనేవాళ్ళు. దీపం ఆరితే "మేస్త్రీని పిలవండి, ఆయన దొరక్కపోతే ఇంకో మేస్త్రీని పిలవండి" అనేవాళ్ళు. మా అత్తగారి ఊరు ఈపూరు దగ్గర. ఒకసారి అక్కడ ఒక పెద్దాయన నన్ను పట్టుకుని, "పేటలో కరెంటు మేస్త్రీ చానా జాగ్రత్త మనిషంట గదా, అది నువ్వేనా అల్లుడా?" అని అడిగాడు. మా మామగారు పక్కనే ఉన్నారు. కాదని చెప్పాల్సి వచ్చింది.

ఆయన నన్ను తమ్ముడా అని పిలిచేవాడు. వయసులో నాకంటే ఏడాది పెద్ద అయి ఉంటాడేమో. నేను ఎన్నడూ ఆయన్ని అన్నా అనలేదు. అది కూడా ఆయన పట్టించుకున్నట్టు కనపడలేదు.

ఆయన సంచిలో అన్నిటికంటే పైన ఒక టేకు పలక ఉండేది. మూర పొడవు, జానెడు వెడల్పు. దాని మీద నిలబడకుండా తీగ ముట్టుకునేవాడు కాదు. కింద నాపరాళ్ళు పరిచిన నేల అయినా, పొడి మట్టి అయినా, పలక వేయాల్సిందే. అన్నేళ్ళు నిలబడగా ఆ పలక మీద ఆయన రెండు పాదాల అచ్చు నున్నగా పడింది. వేరేవాళ్ళు దాని మీద నిలబడితే కాళ్ళు కుదరవు. నేను ఒకసారి ఎవరూ చూడకుండా నిలబడి చూశాను. కుదరలేదు.

గోడకు దీపం బిగించమంటే ముందు గోడను వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి వినేవాడు. మన పాత ఇళ్ళ గోడల సంగతి తెలిసిందేగా, లోపల రాళ్ళూ మట్టీ, పైన సున్నం గచ్చు. మేకు దిగ్గొడితే గుప్పెడు మట్టి రాలి మేకు చేతికి వస్తుంది. ఆయన కొట్టి, విని, "ఇక్కడ గోడ ఒప్పుకోవట్లా" అనేవాడు. ఇంకో చోట కొట్టేవాడు. ఒప్పుకున్న చోట చిన్న గుంట తవ్వి, వెడల్పు వైపు లోపలికి ఉండేట్టు టేకు ముక్క పెట్టి, చుట్టూ సున్నం కూరి, రెండు రోజులు ఆరాలని చెప్పి వెళ్ళిపోయేవాడు. దీపం కోసం ఎదురుచూస్తున్న ఇంటివాళ్ళు రెండు రోజులు గోడలో చెక్క ముక్కను చూస్తూ కూర్చునేవాళ్ళు. నేనైతే అదే గంటలో దీపం బిగించి వెలిగించి చూపించేవాణ్ణి. అయినా మళ్ళీ పిలుపు ఆయనకే వెళ్ళేది.

పాత తీగ దొరికితే దాని కొసను చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచేవాడు. ఆ రోజుల్లో తీగలకు రబ్బరు తొడుగు, దాని మీద నూలు అల్లిక. పెంకుటింటి పైకప్పు కింద మన పల్నాటి ఎండకు పదేళ్ళు మగ్గితే ఆ రబ్బరు ఎండిన చింతకాయ పెంకు అయిపోతుంది. వంచినప్పుడు చిట్లిన చప్పుడు వినపడితే తీగను కిందపెట్టి, చేతులు దులుపుకుని, "దీనికి వయసయిపోయింది" అనేవాడు. ఇక ఎవరు బతిమాలినా దానికి దీపం కలిపేవాడు కాదు.

ఇక ఫ్యూజు సంగతి. పని మొదలుపెట్టే ముందు మీటరు పెట్టె తలుపు తెరిచి, పింగాణీ ఫ్యూజును లాగి, చొక్కా జేబులో వేసుకునేవాడు. మెయిన్ స్విచ్చి పిడి దించితే చాలదా అని నేనే ఒకసారి అడిగాను.

"పిడి గోడ మీద ఉంటది తమ్ముడా. ఫ్యూజు నా దగ్గరుంటది. ఎవరో వచ్చి ఏంది చీకటి అని పిడి ఎత్తితే పైన నేను పోతా. ఫ్యూజు కావాలంటే నా జేబులో చెయ్యి పెట్టాల గదా" అన్నాడు.

జేబులో బరువు వల్ల ఆయన చొక్కాలన్నీ ఎడమవైపు జారి ఉండేవి. మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర కూర్చుంటే ఎవరో ఒకరు, "మేస్త్రీ, ఈ పూట ఎవరి కొంప నీ జేబులో ఉంది?" అనేవాళ్ళు. ఒకసారి ఒక వకీలు గారింట్లో పని సగంలో ఉండగా చెల్లెలికి బాగాలేదని కబురొచ్చి, ఉన్నపాటున క్రోసూరు బస్సెక్కాడు. ఫ్యూజు జేబులోనే ఉండిపోయింది. వకీలు గారి ఇల్లు రెండు రోజులు లాంతర్లతో గడిచింది. నేను వెళ్ళి వేరే ఫ్యూజు పెడతానన్నాను. వకీలు గారు అరుగు మీద నిలబడి నాతో ఏమన్నారో చెప్తాను.

"వద్దులేవయ్యా. పని ఎక్కడ ఆపాడో మనకు తెలియదు గదా. ఆయనే వచ్చి పెడతాడు."

అదే నేను ఫ్యూజు జేబులో పెట్టుకుని ఊరు వెళితే, వచ్చేసరికి నా సామాన్లు వీధిలో ఉండేవి. ఆయన తిరిగొచ్చి ఫ్యూజు పెట్టాడు. వకీలు గారు ఆయన చెల్లెలికి ఎలా ఉందని అడిగారు. మా నాన్న పోయి పది రోజులకు నేను పనిలోకి వెళ్ళినప్పుడు ఇదే వకీలు గారు, నిన్న ఎందుకు రాలేదని అడిగారు.

ఆయనది క్రైస్తవ కుటుంబం. ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని ప్రార్థనకు వెళ్ళేవాడు, పని ముట్టుకునేవాడు కాదు. పెద్దరైతుల ఇళ్ళల్లో నాకు ఇత్తడి గ్లాసుతో కాఫీ ఇచ్చేవాళ్ళు. ఆయనకు వసారా గూట్లో విడిగా ఒక గాజుగ్లాసు ఉండేది. తాగి, తనే కడిగి, తనే గూట్లో పెట్టేవాడు. ఒక్కరోజూ దాని గురించి మాట్లాడలేదు. నాకు ఇత్తడి గ్లాసు ఇచ్చిన ఇళ్ళల్లోనే, దీపం ఎక్కడ పెట్టాలో, ఏ తీగ ఉంచాలో, ఏది తీయాలో అన్నీ గాజుగ్లాసు మనిషినే అడిగేవాళ్ళు. గ్లాసు తేడా చూసి సిగ్గుపడాల్సిన వాణ్ణి, మాట తేడా చూసి కుళ్ళుకున్నాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

గోడ దీపాల దగ్గర ఆయనకు ఒక ప్రశ్న ఉండేది. అప్పట్లో కలిగినవాళ్ళు ఇత్తడి బ్రాకెట్టు దీపాలు తెప్పించుకునేవాళ్ళు. వంకర తిరిగిన ఇత్తడి గొట్టం, దాని చివర పువ్వులాంటి గాజు డోము. ఆయన బ్రాకెట్టును చేతిలోకి తీసుకుని, ఇంటి యజమానిని వదిలేసి, ఆడవాళ్ళ వైపు తిరిగి అడిగేవాడు.

"అమ్మా, ఈ ఇత్తడి ఎవరు తోముతారు?"

దీపం పెట్టమంటే తోమడం గురించి అడుగుతాడేమిటని మగవాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను. కానీ మన ఇళ్ళల్లో పండగ వస్తే ఇత్తడి అన్నది గోడ మీద ఉన్నా, గూట్లో ఉన్నా, దేవుడి ముందున్నా ఒకటే. చింతపండు నానబెట్టి, జల్లించిన బూడిద కలిపి, తడి చేత్తో రుద్దడమే. ఆ తడి చెయ్యి ఎవరిదో ఆయనకు ముందే తెలియాలి.

ఇప్పుడు అసలు సంగతి.

ఊరి రాజకీయాల్లో తిరిగే ఒక పెద్దరైతు ఉండేవారు. సాగర్ పనులు జోరుగా సాగుతున్న రోజులు. వాళ్ళ పార్టీ నాయకులు ఆదివారం భోజనానికి వస్తున్నారని, పెద్ద హాలులో ఆరు ఇత్తడి గోడ దీపాలు పెట్టించాలనుకున్నారు. ఇల్లు పాతది. తీగలు ఊరికి కరెంటు వచ్చినప్పుడు వేసినవే. ముందు పిలిచింది ఆయన్నే. ఆయన తీగ వంచి విన్నాడు. హాలు మొత్తం కొత్త తీగలు లాగాలి, పది రోజులు పడుతుంది అన్నాడు.

"ఏందయ్యా, ఆదివారం మనుషులు వస్తుంటే పది రోజులంటావు?"

"వాళ్ళను పది రోజులాగి రమ్మనండి. లేదంటే ఉన్న దీపాలతో కూడు పెట్టండి. ఈ తీగలకు ఇత్తడి తగిలించను."

పెద్దరైతుకు ఒళ్ళు మండింది. నాకు కబురొచ్చింది. పదిహేనేళ్ళలో ఆయన్ని కాదని నన్ను పిలిచిన పెద్ద ఇల్లు అదొక్కటే. పరుగున వెళ్ళాను. రెండు రోజుల్లో ఆరు దీపాలూ బిగించాను. పాత తీగల కొసలు పొడుగ్గానే ఉన్నాయి కాబట్టి వాటినే ఇత్తడి గొట్టాల్లోంచి లాగాను. మీటరు పెట్టె తలుపు తెరవలేదు. కింద ఉన్న పిడి దించితే చాలనుకున్నాను. ఎర్ర తీగ కరెంటు తెచ్చేది, నల్ల తీగ తిరిగి తీసుకుపోయేది అని మాకు నేర్పారు. ఎర్ర తీగ మీదే స్విచ్చి పెట్టాను. ఎర్రగా ఉంది కదా అని నమ్మాను.

ఆదివారం సాయంత్రం ఆరు దీపాలూ వెలిగాయి. పెద్దరైతు నా భుజం మీద చెయ్యి వేశారు. నేను బయటికి వచ్చేసరికి ఆయన తెల్ల చొక్కాతో, చేతిలో బైబిలుతో, గేటు దగ్గర నిలబడి కిటికీలోంచి చూస్తున్నాడు.

"బాగున్నయ్ తమ్ముడా" అన్నాడు.

ఆ మాటను కొంచెంసేపు అట్లాగే ఉంచుకోవాలనిపించింది.

"స్విచ్చి ఆపి టెస్టు బల్బు పెట్టి చూశావా?"

టెస్టు బల్బు అంటే రెండు తీగలు కట్టిన మామూలు బల్బు. కరెంటు ఉన్న చోట వెలుగుతుంది. ఆయన దాన్ని ముందు మీటరు దగ్గర కరెంటు ఉన్నచోట పెట్టి వెలిగించేవాడు, తరవాత పని చేసే తీగకు పెట్టేవాడు, వెలగకపోతే మళ్ళీ మీటరు దగ్గరికి వెళ్ళి ఇంకా వెలుగుతోందా అని చూసేవాడు. బల్బే మధ్యలో చచ్చిపోయి ఉండొచ్చు గదా అనేవాడు. ఒక్క దీపానికి మూడుసార్లు. ఈ తతంగం మీద ఊళ్ళో అందరికంటే ఎక్కువ జోకులు వేసింది నేనే.

"నువ్వు వద్దన్న పని నేను చేశాను. ఇప్పుడు నాకు పాఠాలు చెప్పొద్దు" అన్నాను.

"చూడలేదన్నమాట" అన్నాడు. బైబిలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఒక్క ప్రశ్నకు ఆ రాత్రి నా అన్నం రుచి పోయింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి స్విచ్చి ఆపి బల్బు పెట్టి చూడవచ్చు. పది నిమిషాల పని. వెళ్ళలేదు. వెళితే ఆయన చెప్పాడు కాబట్టి వెళ్ళినట్టు అవుతుంది.

రెండు నెలలకు ఉగాది వచ్చింది. ఆ ఇంటి అమ్మగారు ఇల్లు కడిగించి, దేవుడి సామాన్లు తోమి, హాలులోకి వచ్చారు. స్విచ్చి ఆపారు. దీపం ఆరింది కాబట్టి కరెంటు పోయిందనుకున్నారు. ఎవరైనా అట్లాగే అనుకుంటారు. ఎత్తుపీట ఎక్కి, చింతపండు తడిచేత్తో ఇత్తడి గొట్టం పట్టుకున్నారు. చెయ్యి అతుక్కుపోయింది. ఎత్తుపీట పక్కకు జారి ఆమె కిందపడటం వల్ల చెయ్యి వదిలింది. మణికట్టు విరిగింది. పీట కదలకుండా నిలబడి ఉంటే ఏమయ్యేదో నేను చాలాసార్లు ఆలోచించాను. రాయను.

కరెంటు సామాన్ల కొట్టు దగ్గర ఉండగా ఈ కబురు నాకు తెలిసింది. "ఇంకో మేస్త్రీ పెట్టిన దీపాలంట" అని ఎవరో అన్నారు. నేను వెనకే ఉన్నానని వాళ్ళకు తెలియదు. పెద్దరైతు ఇంటికి ఎట్లా వెళ్ళానో గుర్తులేదు. అమ్మగారు చేతికి కట్టుతో చాప మీద కూర్చుని ఉన్నారు. పెద్దరైతు నా ముఖం వైపు చూడలేదు. ఆయన అప్పటికే పలక మీద నిలబడి ఉన్నాడు.

నన్ను చూసి అన్న మొదటి మాట, "వచ్చావా. ఈ చివర పట్టుకో."

టెస్టు బల్బు తీగ ఒక చివర నాకిచ్చి, నేలలో పాతిన ఇనుప గొట్టానికి పట్టించమన్నాడు. రెండో చివర స్విచ్చి ఆపి ఉన్న దీపం లోపల కరెంటు మొనకు ఆనించాడు. బల్బు వెలిగింది. స్విచ్చి ఆపే ఉంది. మళ్ళీ పెట్టాడు, వెలిగింది. మూడోసారి పెట్టాడు. తరవాత అదే చివరను పైనున్న ఇత్తడి గొట్టానికి ఆనించాడు. అప్పుడూ వెలిగింది.

అర్థం తెలియనివాళ్ళ కోసం చెప్తాను. స్విచ్చి కరెంటు తెచ్చే తీగ మీద ఉండాలి. తిరిగి తీసుకుపోయే తీగ మీద ఉన్నా దీపం ఆరుతుంది, వెలుగుతుంది. తేడా కనపడదు. కానీ ఆపినప్పుడు కూడా దీపం లోపలిదాకా కరెంటు వచ్చి నిలబడి ఉంటుంది. ఆ ఇంట్లో ఎర్ర, నల్ల తీగలు ఎక్కడో తారుమారై ఉన్నాయి. దానికి తోడు నేను వంచి లాగిన పాత తీగ గొట్టం అంచు దగ్గర చిట్లి ఇత్తడికి తగిలింది. రెండు తప్పుల్లో ఏ ఒక్కటి లేకపోయినా అమ్మగారి చెయ్యి విరిగేది కాదు. రెండో తప్పు నాది. మొదటిది ఎవరిది?

ఆయన మీటరు పెట్టె దగ్గరికి వెళ్ళాడు. అమ్మగారు లేచి వెనకే వెళ్ళారు. తలుపు తెరిచి, దానికి అడ్డంగా నిలబడి చాలాసేపు చూశాడు. నాకు ఆయన వీపు తప్ప ఏమీ కనపడలేదు. ఫ్యూజు లాగి జేబులో వేసుకున్నాడు. అమ్మగారు పెట్టె తలుపు లోపలి వైపు ఏదో వేలు పెట్టి చూపించి అడిగారు. ఆయన తల వంచి మెల్లగా ఏదో చెప్పాడు. అమ్మగారు తిరిగి నా వైపు చూశారు. మళ్ళీ ఆయన వైపు చూశారు.

"తమ్ముడా, నీ సంచిలో గరుకు కాయితం ఉందా?"

స్విచ్చి మొనలు రుద్దడానికి అనుకున్నాను. నా సంచిలోంచి తీసి నా చేత్తోనే ఇచ్చాను.

పెద్దరైతు అప్పుడు మా దగ్గరికి వచ్చారు. "ఇప్పుడు చెప్పవయ్యా. తప్పు ఎవరిది?"

నేను సంచి మూతి ముడేస్తూ నిలబడ్డాను.

"పాత ఇంటిదండి" అన్నాడు ఆయన. "ఇంటికి వయసొచ్చింది."

మూడు రోజులు ఇద్దరం కలిసి ఆ హాలులో తీగలన్నీ మార్చాం. ఆయన పలక మీద, నేను కింద. ఆరు బ్రాకెట్లకూ నేలలోకి ఒక తీగ విడిగా లాగాడు, ఇత్తడికి కరెంటు తగిలినా మనిషిలోకి కాకుండా మట్టిలోకి పోవడానికి. ప్రతి గొట్టం అంచుకూ, తీగ ఒరుసుకోకుండా, పింగాణీ పూస తొడిగాడు. చివరి రోజు అమ్మగారిని పిలిచి చెప్పాడు.

"అమ్మా, ఇప్పుడు స్విచ్చి ఆపితే ఆగినట్టే. అయినా నమ్మొద్దు. ఫ్యూజు తీసి కొంగుకు ముడేసుకో, అప్పుడు తోముకో."

అమ్మగారు నవ్వారు. "నా కొంగు కూడా నీ జేబు చేస్తివా మేస్త్రీ" అన్నారు. ఆయనా నవ్వాడు. నేను చూసిన మూడు నవ్వుల్లో అది ఒకటి. అది కూడా నాకోసం కాదు.

వెళ్ళేముందు మీటరు పెట్టె తలుపు నేను తెరిచి చూశాను. తలుపు లోపలి వైపు నల్లబారిన చెక్క మీద అరచేతి మేర గరుకు కాయితంతో తెల్లగా రుద్ది ఉంది.

అక్కడ ఏముండేదో నాకు తెలుసు. కాంట్రాక్టరు కింద పని చేసిన రోజుల్లో, ఆ వీధి ఇళ్ళన్నిటికీ వసారాల్లో వానకు తడుస్తున్న మీటరు పెట్టెలను లోపలికి మార్చాం. మార్చింది మేమిద్దరమే. ఒక ఇల్లు ఆయన, ఒక ఇల్లు నేను. ఎవరు ఏది చేశారో తెలియడానికి పెట్టె తలుపు లోపల సిరాపెన్సిలుతో గుర్తు పెట్టాలని కాంట్రాక్టరు నియమం. ఆయన గుర్తు సున్న. నాది త్రికోణం. పెట్టె మార్చి తీగలు తిరిగి కలిపేటప్పుడే ఎర్ర, నల్ల తారుమారవుతాయి. ఆ ఇల్లు ఎవరు చేశారో నాకు గుర్తులేదు. పన్నెండేళ్ళ కిందటి మాట, వీధి నిండా ఇళ్ళు. నేను చేశాననుకుంటే అవుననిపిస్తుంది. ఆయన చేశాడనుకుంటే అదీ అవుననిపిస్తుంది.

ఆయన్నే అడిగాను. టీ కొట్టు దగ్గర, చర్చి గోడ పక్కన, దాచేపల్లి వెళ్ళే బస్సులో, ఎక్కడ దొరికితే అక్కడ అడిగాను. "పని అయిపోయింది గదా తమ్ముడా" అనేవాడు. ఒకసారి కోపం ఆపుకోలేక, "నీ సున్నను నువ్వే గీకేసుకున్నావు" అన్నాను. "అట్టాగే అనుకో" అన్నాడు. ఆ మాట ఒప్పుకోవడమో, జాలిపడటమో నాలుగేళ్ళుగా తేల్చుకోలేకపోతున్నాను. ఈలోపు ఆయన పోయాడు. కరెంటు ఆయన్ని ఏమీ చేయలేకపోయింది. మామూలు జ్వరం తీసుకుపోయింది.

ఆ ఉగాది తరవాత నేను కూడా ఫ్యూజు జేబులో వేసుకోకుండా పని ముట్టుకోవడం లేదు. టెస్టు బల్బు మూడుసార్లు పెడుతున్నాను. ఇంటి ఆడవాళ్ళను ఇత్తడి ఎవరు తోముతారని అడుగుతున్నాను. వాళ్ళు ఏమంటున్నారో తెలుసా? "అచ్చం ఆ మేస్త్రీ లాగే చేస్తున్నావే" అంటున్నారు. నా జాగ్రత్త కూడా నాది కాకుండా పోయింది.

సంతాపసభ మర్నాడు అమ్మగారి దగ్గరికి వెళ్ళాను. విరిగిన మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. హాలులో ఎత్తుపీట వేసి ఉంది. గిన్నెలో చింతపండు నానుతోంది. ఆమె కొంగు చివర పింగాణీ ఫ్యూజు ముడేసి ఉంది. ముడి బరువుకు కొంగు నేలకు జీరాడుతోంది.

"అమ్మగారూ, ఆ రోజు పెట్టె తలుపు మీద ఉన్న గుర్తు ఏది? సున్ననా, త్రికోణమా?"

"కూర్చో నాయనా. కాఫీ తాగుతావా?"

"గుర్తు చెప్పండి చాలు."

"చెప్పొద్దన్నాడు."

"ఎవరికి చెప్పొద్దన్నాడు? నాకా, పెద్దయ్యగారికా?"

"ఎవరికీ. మాటిచ్చా" అని ఆమె ఎత్తుపీట ఎక్కారు. నేను పీట పట్టుకుని నిలబడ్డాను. ఆరు దీపాలూ తోమేదాకా ఒక్కో దీపం కిందికీ పీట జరిపి పట్టుకున్నాను.

తరవాత రెండు కార్డులు రాశాను. జవాబు లేదు. ఆమె ఈ పత్రిక తెప్పించుకుంటారని, కళ్ళద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతారని నాకు తెలుసు. అందుకే ఇక్కడే అడుగుతున్నాను.

అమ్మగారూ, అది సున్న అయితే ఆయన తన తప్పును నా కాయితంతో చెరిపేసుకుని, నా ముందు పెద్దమనిషిలా నిలబడ్డాడు. అప్పుడు పదిహేనేళ్ళూ నేను ఆయన మీద కుళ్ళుకోవాల్సిన అవసరమే లేదు. ఆయనా నాలాంటి మేస్త్రీనే. త్రికోణం అయితే రెండు తప్పులూ నావే. మీ చెయ్యి విరగ్గొట్టింది నేను. అది తెలిసీ ఆయన నన్ను మూడు రోజులు పక్కన నిలబెట్టుకుని పని చేయించి, నాకు చెప్పకుండా, నేను ఆయనకు ఒక దణ్ణం పెట్టే వీలు కూడా లేకుండా, ఆ మాటను జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఫ్యూజు అయితే ఎక్కడికి తీసుకెళ్ళినా మళ్ళీ తెచ్చి పెట్టేవాడు.

మీరిచ్చిన మాట ఆయనకు. ఆయన లేడు. నేనున్నాను, రోజూ మీ వీధిలోంచే పనికి వెళ్తున్నాను. నేను దణ్ణం పెట్టాల్సింది ఆయనకైతే, పెట్టడానికి ఆయన సమాధి ఉంది, చర్చి వెనక. పెట్టాలో వద్దో చెప్పాల్సింది మీరు. సున్ననా, త్రికోణమా? వివరాలు రాయొద్దు. కార్డు మీద గుర్తు ఒక్కటి గీసి పోస్టులో వేయండి.